బంతి ఆటయు బ్రతుకుతెరువును

సాయంకాలము బడి విడిచిన గంట మ్రోగినదో లేదో, పుస్తకముల సంచులు గోడవారగా కుప్పపడును. వాని ప్రక్కనే చెప్పులు జతలు జతలుగా గోలుస్తంభములై నిలుచును. ఉప్పుకొటారుల మీదుగా సముద్రపుగాలి వీచుచుండగా, చీకటిపడి బంతి కనుపించనంతవరకు ఆట సాగును. రంభకును గంజాము పట్టణమునకును నడుమ, రైలుమార్గము నానుకొనియున్న ఈ హుమ్మలో ఏ తరమువారి బాల్యమును ఇంతకు భిన్నముగా నడచియుండదు. మేమును ఒకనాడు అట్లే చెప్పులు నిలిపి ఆడినవారమే.

కొన్ని దినముల క్రిందట ఒక తండ్రిగారు తమ కుమారుని వెంటబెట్టుకొని మాయొద్దకు వచ్చిరి. ఆయన ఉప్పుమడులలో పనిచేయువారు. బాలుడు తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. తండ్రిగారు కొంతసేపు నిలుచుండి, తుదకు మెల్లగా అడిగిరి: "మాస్టారూ, మావాడు ఆటలో దిట్ట అని అందరూ అంటున్నారు. బరంపురంలో ఏదో జట్టువారు రమ్మంటున్నారట. బడి మాన్పించి ఆటకు పంపమంటారా, బంతి మాన్పించి బడిలో కూర్చోబెట్టమంటారా?"

బాలుడు తల వంచుకొని కాలి బొటనవ్రేలితో నేల గీయుచుండెను. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు సమాధానము చెప్పుటకు మాకు ధైర్యము చాలలేదు. "రెండుదినములు గడు వీయండి" అని పంపివేసితిమి. ఈ ప్రశ్న ఆ యొక్క యింటిది మాత్రమే కాదు. మన పిల్లలలో కాలియందు సత్తువయు, కంటియందు చురుకును గల ప్రతి బాలుని యింటను, ప్రతి బాలిక యింటను ఇది నేడో రేపో పుట్టవలసినదే. కావున మాకు తెలిసినంతమేరకు దీనిని గూర్చి ఈ పత్రిక మూలమున అందరికిని విన్నవించుచున్నాము. ఈ విషయమున మాకుగల అర్హత స్వల్పము. బరంపురమున చదువుకొను దినములలో కళాశాల జట్టునందు ఆడితిమి. ఆ పిమ్మట ఆట విడిచి ఉపాధ్యాయవృత్తిని గైకొంటిమి. ఆడుటలోని ఆనందమును ఎరుగుదుము, విడుచుటలోని బాధను ఎరుగుదుము.

ముందుగా ఆట యొక్క స్వరూపమును కొంచెము లెక్కవేసి చూతము. ఫుట్‌బాలు ఆటకు కాలము 90 నిమిషములు. బంతి గీత దాటిపోయిన కాలమును, ఈల మ్రోగి ఆట నిలిచిన కాలమును తీసివేయగా, నిజముగా ఆట జరుగునది ఇంచుమించు ఒక గంట. ఆ గంటను ఇరువైపులనున్న 22 మందికి పంచినచో, ఒక్కొక్కని వంతునకు వచ్చునది మూడు నిమిషములకు లోపే. అనగా ఎంతటి మేటి ఆటగాడైనను 90 నిమిషములలో 87 నిమిషములు బంతి లేకయే ఆడుచున్నాడన్నమాట. ఆ కాలమంతయు ఏమి చేయును? తోటివానికి దారి యిచ్చుటకై పరుగెత్తును, ఎదిరి కదలికను కనిపెట్టును, ఖాళీచోటును వెదకి నిలుచును. చూచువారి కన్ను బంతిమీదనే యుండును గాని, ఆట తెలిసిన శిక్షకుని కన్ను బంతి లేనివానిమీద నుండును.

ఆటగాని జీవితమును ఇట్టిదే. పదునెనిమిదవ యేట మొదలుపెట్టి ముప్పదియైదవ యేటివరకు ఆడినవాడు మిక్కిలి అదృష్టవంతుడు. మనుష్యుడు అరువది డెబ్బదియేండ్లు బ్రతుకునని యనుకొన్నచో, బంతి పాదముననుండు కాలము అందులో ఇంచుమించు నాలుగవవంతే. తక్కిన మూడువంతులు ఎట్లు గడుపవలెను? ఆట తుది ముట్టిన నాటి ఉదయమున లేచి ఎక్కడికి పోవలెను? ఈ ప్రశ్నకు ముందుగా సమాధానము సిద్ధపరచుకొన్నవారు ఆటయందును రాణించిరి, బ్రతుకునందును నిలదొక్కుకొనిరి. ఇందులకు ఉదాహరణములు మనకు దూరమున లేవు.

హైదరాబాదు నగరమున 1909వ సంవత్సరమున జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి పేరు ఈనాటి పిల్లలు కొందరు 2024లో వచ్చిన "మైదాన్" అను హిందీ చలనచిత్రము వలన విని యుందురు. వారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొని పట్టభద్రులైరి. ఆ దినములలోనే జట్టునందు చక్కని ఆటగాడని పేరు పొందిరి. చదువు ముగిసిన పిమ్మట వారు ఎన్నుకొన్న వృత్తి బడిపంతులు వృత్తి. కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల పాఠశాలలలో బోధించిరి. వ్యాయామవిద్యయందు శిక్షణ పొందిరి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, 1963లో మరణించువరకు ఆ బాధ్యతను వహించిరి.

బడిపంతులగుట వలన రహీం గారు ఆటకు దూరమైరని యెంచరాదు. పాఠము చెప్పు నేర్పే వారిని గొప్ప శిక్షకునిగా చేసినది. లెక్కలు రాని పిల్లవానికి తేలికలెక్క మొదట నిచ్చి, క్రమముగా కష్టమైనది ఇచ్చునట్లు, ఆటగాండ్ర లోపములను ఒక్కొక్కటిగా విడదీసి దిద్దుటకు వారు ఉపాయములు పన్నిరి. మనలో పెక్కుమంది కుడికాలితోనే బంతిని తన్నుదురు, ఎడమకాలు అలంకారమునకే యుండును. రహీం గారు హైదరాబాదు పిల్లలకు బలహీనమైన కాలితోనే ఆడవలెనన్న పోటీలను ఏర్పరచిరి. ఒక్కడే బంతిని వెంటబెట్టుకొని పోవుటకు వీలులేని పోటీలను, అనగా అందుకొన్న వెంటనే తోటివానికి అందింపవలసిన పోటీలను నడిపిరి. ఈ పద్ధతులకు ధనమక్కరలేదు, పచ్చికబయలు అక్కరలేదు. మన పాఠశాల ఆవరణమున రేపటినుండియే వీనిని మొదలుపెట్టవచ్చును.

ఫలితములు ఎట్లుండెనో చూడుడు. వారి చేతిక్రింద పెరిగిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచినది. వారు శిక్షకులుగానున్న భారత జట్టు 1951లో ఢిల్లీయందు జరిగిన ఆసియా క్రీడలలో ఇరానును 1–0 గోలు తేడాతో ఓడించి స్వర్ణపతకమును పొందినది. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో మనవారు పెక్కురు వట్టికాళ్ళతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో చిత్తుగా ఓడిరి. ఆ ఓటమివలన బూట్లు ధరించుట తప్పనిసరియైనది. నాలుగేండ్లకు, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో, అదే దేశపు జట్టు ఆస్ట్రేలియాను 4–2 తేడాతో గెలిచి, నాలుగవ స్థానమున నిలిచినది. 1962 సెప్టెంబరు 4వ తేదీన జకార్తాలో దక్షిణ కొరియాను 2–1 తేడాతో ఓడించి రెండవసారి ఆసియా స్వర్ణమును సాధించినది. అప్పటికే రహీం గారి శరీరమును క్యాన్సరు వ్యాధి తినివేయుచుండెను. 1963 జూన్ 11న వారు కన్నుమూసిరి. బడిపంతులుగా బ్రతుకు మొదలుపెట్టిన ఆ మహనీయుని తరువాత భారత పురుషుల జట్టు ఆసియా క్రీడలలో ఫుట్‌బాలు స్వర్ణమును మరల తెచ్చినది లేదు.

ఇక నగర పోలీసు జట్టువారిని గూర్చి ఒక్కమాట. ఆ ఆటగాండ్రకు జట్టు వలన పోలీసు ఉద్యోగము లభించెను, ఉద్యోగము వలన నెలజీతము లభించెను, జీతము వలన ఇంటిలో పొయ్యి వెలిగెను. పొయ్యి వెలిగినందున వారు నిశ్చింతగా సాధన చేసిరి. ఆటయు బ్రతుకుతెరువును ఒండొంటికి శత్రువులని మనవారిలో కొందరికొక అభిప్రాయము కలదు. హైదరాబాదువారి చరిత్ర చూచినచో ఒకటి రెండవదానికి ఊతకఱ్ఱయై నిలిచినట్లు తెలియుచున్నది.

అయినను ఆటయే సర్వస్వమని నమ్మినవానికి ఒక హెచ్చరికయు కలదు. సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడయందు 1936లో ఒక పేదకుటుంబమున పుట్టిన తులసీదాస్ బలరాం గారు రహీం గారి చేతిలో రూపుదిద్దుకొన్న రత్నము. 1956, 1960 ఒలింపిక్ క్రీడలలో ఆడిరి. 1960లో రోము నగరమున హంగరీ మీదను, పెరూ మీదను గోలులు చేసిరి. 1962 జకార్తా విజయమునందు భాగస్వాములైరి. అట్టివారు శ్వాసకోశవ్యాధి కారణముగా 1963లో, ఇరువదియేడేండ్లకే, ఆట విడువవలసివచ్చినది. దేశమున వారికి సాటి యనదగినవారు ముగ్గురో నలుగురో ఉండిన కాలమది. రోగము వచ్చునప్పుడు ఆటగాని ప్రతిభను చూచి రాదు. కాని అప్పటికి వారు బి.ఎన్.ఆర్. అను రైల్వే జట్టున చేరియుండిరి. బి.ఎన్.ఆర్. అనగా బెంగాల్ నాగపూర్ రైల్వే. మన హుమ్మ స్టేషను మీదుగా పోవు హౌరా–చెన్నై రైలుమార్గమున మన భాగమును పూర్వము నడిపిన సంస్థయే అది. 1955లో ఆగ్నేయ రైల్వేగా మారినను జట్టు మాత్రము పాత పేరుతోనే ఆడుచుండెను. 2003 నుండి మన మార్గము తూర్పుతీర రైల్వేలో చేరినది. బలరాం గారు 2023 ఫిబ్రవరి 16న తమ 86వ యేట కలకత్తాలో పరమపదించిరి. ఆడినది పదియేండ్లకు లోపు, ఆట విడిచిన పిమ్మట బ్రతికినది అరువదియేండ్లు. తల్లిదండ్రులు ఈ రెండంకెలను మనసున నిలుపుకొనవలెను.

వేరొక మహానుభావుని ఉదాహరణము మనవంటి అల్పసంఖ్యాకులకు ప్రత్యేకముగా చెప్పదగినది. నేటి నాగాలాండునందలి చాంగ్కి యను కొండపల్లెలో 1918లో పుట్టిన తాలిమెరెన్ ఆవో గారి మాతృభాష ఆ పరిసరములను దాటినచో వినువారు లేని భాష. తండ్రిగారు క్రైస్తవ మతబోధకులు. కుమారుడు వైద్యుడై తనవారికి సేవ చేయవలెనని వారి కోరిక. కుమారుడు యౌవనమున నుండగనే ఆయన జ్వరముచే మరణించిరి. ఆవో గారు గౌహతియందలి కాటన్ కళాశాలలో చదువుచు ఆడిరి, కలకత్తాలో వైద్యకళాశాలలో చేరి మోహన్ బగాన్ జట్టునకు ఆడిరి. స్వతంత్ర భారతమునకు మొట్టమొదటి నాయకులై 1948లో లండన్ ఒలింపిక్ క్రీడలకు జట్టును కొనిపోయిరి. అక్కడ ఫ్రాన్సుతో జరిగిన ఆటలో 2–1 తేడాతో మనవారు ఓడినను, వట్టికాళ్ళతో ఆడిన వారి నేర్పును చూచి ప్రేక్షకులు మెచ్చుకొనిరి.

ఇక్కడ గమనింపవలసినది తరువాతి కథ. అంతటి కీర్తి వచ్చినను ఆవో గారు తండ్రికోరికను మరువలేదు. 1950లో వైద్యపరీక్షయందు కృతార్థులైరి. కలకత్తా వైభవమును విడిచి తమ కొండలకు మరలిపోయి వైద్యవృత్తి నవలంబించిరి. నాగాలాండు ఆరోగ్యశాఖ సంచాలకులై 1978లో పదవీవిరమణ చేసిరి. 1998లో దివంగతులైరి. ఆట వారిని పెద్ద పట్టణమునకు చేర్చినది, చదువు వారిని తమ జనుల యొద్దకు తిరిగి చేర్చినది. ఈ రెండింటిలో ఏది లేకున్నను ఆ జీవితము అంత నిండుగా ఉండెడిది కాదు.

ఆట ఆడువానికి చదువు రాదన్న అపోహ కొందరికి కలదు. డెన్మార్కు దేశపు హారల్డ్ బోర్ గారు 1908 ఒలింపిక్ క్రీడలలో వెండిపతకము పొందిన జట్టున ఆడిరి. ఆ క్రీడలలో వారి జట్టు ఫ్రాన్సుపై 17 గోలులు చేసినది. వారే పిమ్మట లోకప్రసిద్ధులైన గణితశాస్త్రజ్ఞులైరి. 1910లో వారి పరిశోధనవ్యాసమునకు పరీక్ష జరిగినప్పుడు, సభామందిరమున గణితజ్ఞులకంటె ఫుట్‌బాలు అభిమానులే ఎక్కువమంది యుండిరని చెప్పుకొందురు. వారి అన్నగారు నీల్స్ బోర్ గారును గోలు కాపరిగా ఆడినవారే. 1922లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము వారికే లభించెను.

ఇక పెద్దలు కోరునట్టి లౌకిక వివరములకు వత్తము. ఆటవలన ఉద్యోగము వచ్చునా? వచ్చును. కాని వచ్చు మార్గము తెలిసియుండవలెను. కేంద్రప్రభుత్వమున గ్రూప్ సి కొలువులలో నేరుగా భర్తీచేయు ఖాళీలలో 5 శాతమువరకు ప్రతిభగల ఆటగాండ్రకు ఇచ్చుటకు వీలు కలదు. దేశము తరపునగాని, రాష్ట్రము తరపునగాని ఆడినవారును, అంతర్విశ్వవిద్యాలయ పోటీలలో తమ విశ్వవిద్యాలయము తరపున ఆడినవారును, జాతీయ పాఠశాలా క్రీడలలో రాష్ట్ర జట్టున ఆడినవారును ఇందులకు అర్హులు. రైల్వేవారు, సైన్యమువారు, పోలీసువారు తమ తమ నియమముల ననుసరించి ఆటగాండ్రను తీసికొందురు. పై జాబితాను మరియొకసారి చదువుడు. అందు రెండు మెట్లు పాఠశాల, విశ్వవిద్యాలయము. బడి మానినవాడు ఆ రెండు మెట్లను తన చేతులతోనే పడగొట్టుకొనుచున్నాడు. అంతేగాక, ఏ కొలువునకు ఎంత చదువు కావలెనని నియమించిరో ఆ చదువు ఆటగానికిని ఉండవలసినదే. గోలులు ఎన్ని చేసినను పదవతరగతి పత్రము లేనివానికి ఆ తలుపు తెరువబడదు.

పాఠశాల పిల్లలకు సుబ్రతో కప్పు అను పోటీ 1960 నుండి జరుగుచున్నది. వాయుసేనాధిపతిగానుండి ఆ యేటనే మరణించిన సుబ్రతో ముఖర్జీ గారి పేర అది వెలసినది. పాఠశాల జట్లు తమ రాష్ట్రమున గెలుపొంది తుదిపోటీలకు పోవుదురు. బాలికలకును 17 ఏండ్లలోపువారి పోటీ కలదు. మన రాష్ట్ర రాజధానియైన భువనేశ్వరమున 2022 అక్టోబరులో 17 ఏండ్లలోపు బాలికల ప్రపంచకప్పు ఆటలు జరిగినవి. 2023 నవంబరులో అంతర్జాతీయ సంఘమువారి తోడ్పాటుతో బాలుర శిక్షణాలయము అక్కడనే వెలసినది. మన బరంపురమున బరువులెత్తుట నేర్చిన కె. రవికుమార్ గారు 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో 69 కిలోల తరగతియందు స్వర్ణమును, 2014లో గ్లాస్గోయందు 77 కిలోల తరగతియందు రజతమును తెచ్చిరి. దారి లేదని చెప్పుటకు ఇప్పుడు వీలులేదు.

బాలికల తల్లిదండ్రులకు వేరుగా ఒక మనవి. నిజామాబాదు జిల్లాలోని ఒక తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టున ఆడుటయే గాక, 2022లో ఐరోపాయందలి క్రొయేషియా దేశపు జట్టునను చేరినది. మన యింటి ఆడపిల్ల బంతిని తన్నినచో నలుగురు నవ్వుదురేమో యని సంకోచింపవలదు. నవ్వువారు రెండుదినములు నవ్వి మానుకొందురు.

ఒడిశాలో తెలుగు చదువుకొను మన పిల్లలకు రెండు చిక్కులు అదనముగా కలవు. మొదటిది పేరు. తెలుగు పేరును ఒకరు ఒడియాలో ఒకవిధముగా, వేరొకరు ఇంగ్లీషులో మరియొకవిధముగా వ్రాయుదురు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట మాయము. వయస్సును బట్టి విభజించిన పోటీలలో పుట్టినతేదీయు పేరును అన్ని పత్రములందు ఒక్కతీరుగా లేనిచో, ఆట ఎంత వచ్చినను పిల్లవానిని గీత దాటనీయరు. కావున జనన ధ్రువపత్రము, పాఠశాల రిజిస్టరు, ఆధారు కార్డు ఈ మూడింటిలో పేరును అక్షరము తప్పకుండ సరిచూచుకొనుడు. తొమ్మిదవ తరగతి దాటకమునుపే ఈ పని ముగింపవలెను. రెండవది భాష. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గంజాము మద్రాసునుండి విడివడి ఇందు చేరినది. నాటినుండి మనము రెండు భాషల నడుమ బ్రతుకుచున్నాము. తెలుగు మన తల్లిభాష, దానిని విడువరాదు. కాని రాష్ట్రప్రభుత్వ ఉద్యోగములకు ఒడియా చదువను వ్రాయను రావలెనన్న నియమము కలదు. ఆటస్థలమున పిల్లలు బంతి అడుగుటకు ఏ వ్యాకరణము లేకయే ఒడియా నేర్చుకొనుచున్నారు. ఆ నేర్చినదానినే కొంచెము కాగితముమీదికి తెచ్చుకొన్నచో చాలును.

ఆడువారికి మాత్రమే ఆటలో చోటుకలదని తలంపరాదు. వ్యాయామోపాధ్యాయులు, శిక్షకులు, ఆటతీర్పరులు, గాయములకు చికిత్స చేయువారు, వార్తలు వ్రాయువారు, వీరందరును ఆటవలననే జీవించుచున్నారు. గ్వాలియరున 1957లోను, పటియాలాలో 1961లోను స్థాపింపబడిన జాతీయ సంస్థలు వ్యాయామవిద్యను, శిక్షణాశాస్త్రమును బోధించుచున్నవి. డిగ్రీ ముగించి బి.పి.ఎడ్. చదివినవారు పాఠశాలలలో ఉపాధ్యాయులగుదురు. అన్నిటికిని చదువే మెట్టు.

ఇక మా మాట. చెప్పవలెనా వద్దా యని తర్కించుకొని, చెప్పుటయే మేలని నిశ్చయించితిమి. కళాశాల జట్టునందు మేము ముగ్గురము తెలుగువారము, ఒకే గదిలో ఉండి, ఒకే పళ్ళెమున పంచుకొని తిన్నవారము. తుదిసంవత్సరమున పొరుగురాష్ట్రమునందలి ఒక కర్మాగారపు జట్టువారు మా యిద్దరిని పరీక్షించుటకు పిలిచిరి. ఆ తేదీ సరిగా డిగ్రీ పరీక్షల వారముననే పడినది. మిత్రుడు పోయెను, మేము పోలేదు. అతనికి ఉద్యోగము దొరికెను. పరీక్షలను మరుసటి యేట వ్రాసి ముగించెను. కొంతకాలము ఆడి, ఆ పిమ్మట అదే సంస్థలో కార్యాలయపు పనిచేసి సుఖముగా విశ్రాంతి పొందెను. అతని ఛాయాచిత్రము పత్రికలో వచ్చినప్పుడెల్ల మాకు అసూయ కలిగెడిదని ఒప్పుకొనుటకు సిగ్గుపడము. బోధనలో మేము సంతోషమునే పొందితిమి, కాని ఆ వారమునందు పోయియున్నచో ఏమయ్యెడిదో యన్న తలంపు చాలకాలము వెన్నాడెను.

మూడవవాడు మా యిద్దరికంటె గొప్ప ఆటగాడు. అతడు అంతకు ముందటి యేటనే చదువు మానివేసెను. ఒక జట్టువారు ఉద్యోగ మిప్పింతుమని నోటిమాటగా చెప్పియుండిరి, కాగితముపై ఒక్క అక్షరమును వ్రాసి యీయలేదు. పోవుటకు ముందురాత్రి అతడు సందేహించుచుండగా, "నీవంటివానికి పట్టా ఎందుకురా, వెళ్ళు" అని అన్నవారము మేమే. రెండవ సంవత్సరమున ఆటలో అతని మోకాలు మెలిపడెను. మోకాటిలోపల తొడయెముకను కాలియెముకను పట్టియుంచు గట్టి కట్టునరము ఒకటి కలదు. అది తెగినచో వాపు తగ్గినంతమాత్రమున కాలు బాగుపడినట్లు కాదు. నెలల తరబడి విశ్రాంతియు, వైద్యుని పర్యవేక్షణలో వ్యాయామమును, పెక్కుసారులు శస్త్రచికిత్సయు అవసరమగును. ఆ సంగతి అతనికి చెప్పినవారు లేరు. గుడ్డ బిగించి కట్టుకొని మూడువారములకే మరల ఆడెను. కాలు మఱి నిలువలేదు. జీతము లేదు, పట్టా లేదు, ఇచ్చిన మాటకు సాక్ష్యము లేదు. తిరిగివచ్చి ఉప్పు తూచుచోట కూలికి చేరెను.

అతడు మమ్ము ఎన్నడును నిందింపలేదు. అదియే మాకు బరువు. మన యూరి పిల్లలకు సాయంకాలము ఎడమకాలితో బంతి తన్నుట నేర్పుచు, ఒక కాలిని కొంచెముగా ఈడ్చుచు నడచు పెద్దమనిషిని మీరెరుగుదురు. తొమ్మిదవ తరగతి బాలునియందలి దిట్టతనమును మొదట కనిపెట్టినవాడును అతడే. రెండుదినముల గడువులో మేము పోయి అడిగినది అతనినే. అతడు చాలసేపు ఆలోచించి, "వాడిని ఆడనియ్యండి. కానీ బడిలోంచే ఆడనియ్యండి. ఎవరేమిస్తామన్నా కాగితం మీద రాయించుకోమనండి" అని మాత్రమే అనెను.

మేము ఆ తండ్రిగారికి చెప్పినదియు అంతకు మించినది కాదు. పదవతరగతి ముగియువరకు బాలుడు ఇక్కడనే చదువవలెను. ప్రతిసాయంకాలము ఆడవలెను. జిల్లా ఎంపికలకు పాఠశాల జట్టుతోనే పోవలెను. దెబ్బ తగిలినచో దాచక చెప్పవలెను, వైద్యుడు సరే యనువరకు ఆడరాదు. పదవతరగతి పిమ్మట శిక్షణాలయమున చోటు దొరికినచో, అక్కడ చదువు సాగునో లేదో విచారించి, వసతియు ఖర్చును గూర్చి వ్రాతమూలముగా తెలిసికొని, పిదప సంతోషముగా పంపవలెను. చోటు దొరకనిచో చింతింపనక్కరలేదు, కళాశాల జట్లు ఉండనే యున్నవి.

తండ్రిగారు తల యూపి, "అయితే బంతి మాన్పించొద్దంటారు" అని రెండుసారులు అడిగి నిశ్చయపరచుకొనిరి. బాలుడు అప్పుడు మొదటిసారి తల యెత్తి చూచెను. వాని పేరు మూడు పత్రములలో మూడు విధములుగానున్నట్లు కనుగొని, మరునాడే దిద్దించుటకు దరఖాస్తు వ్రాసితిమి.

విద్యార్థులారా, రేపు సాయంకాలము చెప్పులను గోలుస్తంభములుగా నిలుపునప్పుడు, ప్రక్కన కుప్పగా పడియున్న సంచులను దుమ్ము దులిపి వరుసగా పెట్టుడు. ఆట ముగిసిన పిమ్మట ఇంటికి మోసికొని పోవలసినవి అవియే గదా.